నారింజ చెట్ల బేరం

మ్యూజియం కేటలాగు చేతికొస్తే నేను బొమ్మలు చూసేది తర్వాత. ముందు చీమతలంత అక్షరాల్లో అచ్చేసే యాజమాన్య చరిత్ర చదువుతాను. ఎవరి దగ్గర్నుంచి ఎవరికి, ఏ సంవత్సరంలో, అమ్మకమా, వారసత్వమా? స్థలం కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు పరుచుకుని కూర్చున్నట్టే. కాకపోతే స్థలానికి ముప్పై ఏళ్ల ఈసీ చూసి లాయరు సరేనంటాడు. మూడున్నర శతాబ్దాల బొమ్మ విషయంలో అలా సరేననేవాడు దొరకడు.

న్యూయార్క్‌లోని ఫ్రిక్ కలెక్షన్‌లో ఉన్న ‘పోలిష్ రైడర్’ చరిత్రను నేను ఎన్నిసార్లు చదివినా విసుగు రాలేదు. 1655 ప్రాంతంలో హాలండ్‌లో వేసిన బొమ్మ. చీకటి కొండ ముందు, ఎముకలు లెక్కపెట్టుకోదగ్గ బక్క గుర్రం. దాని మీద ఒక కుర్రాడు. బొచ్చు టోపీ, పొడుగు కోటు, ఎర్ర పంట్లాం, విల్లు, అమ్ములపొది, రెండు కత్తులు, వెనక్కి మడిచిన కుడిచేతిలో యుద్ధపు సుత్తి. ఇన్ని ఆయుధాలున్నా మొహంలో మాత్రం యుద్ధం లేదు. ఎవరో మనిషి కూర్చుని వేయించుకున్న పోర్ట్రెయిటా, కథలోని పాత్రా అన్నది కూడా తేలలేదు.

ఈ బొమ్మ గురించి దొరికిన మొదటి కాగితం 1791 నాటిది. లిథువేనియా మహాసేనాని మిహావ్ కజిమీర్ ఒగిన్‌స్కీ, పోలండ్ రాజు స్టానిస్వావ్ ఆగస్ట్‌కు ఉత్తరం రాశాడు. రెంబ్రాంట్ గుర్రమెక్కించిన ఓ కొసాక్‌ను తమకు పంపుతున్నాను, నా దగ్గరున్నన్నాళ్లూ ఈ గుర్రం 420 జర్మన్ గుల్డెన్ల మేత మేసింది, తమ దయవల్ల ఆ లెక్కకు తగ్గట్టు నారింజ చెట్లు పూస్తాయని ఆశిస్తున్నాను అని దాని సారం. చిత్రకారుడి పేరు ‘రైన్‌బ్రాండ్’ అని రాశాడు. రాజుగారితో ఇంత సొగసుగా బేరమాడినవాణ్ణి మెచ్చుకోవలసిందే. అయితే ఈ బొమ్మ రెంబ్రాంట్‌దని చెప్పినవాళ్లలో మన చేతికి దొరికిన మొదటి సాక్షి ఈయనే. అంటే సరుకిచ్చి చెట్లు పుచ్చుకోబోయే మనిషి. రెంబ్రాంట్ 1669లోనే పోయాడు. బొమ్మ పుట్టిన నాటికీ ఈ ఉత్తరానికీ మధ్య దాదాపు 136 ఏళ్లు ఖాళీ.

అక్కణ్ణుంచి కాగితాలకు కొదవలేదు. నాలుగేళ్లకే రాజ్యం పోయింది. 1798లో రాజు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూశాడు. బొమ్మ ఆయన బంధువుల చేతుల్లోంచి జారి జారి తర్నోవ్‌స్కీ కుటుంబానికి చేరింది. ఆస్ట్రియా ఏలుబడిలోని గలీషియాలో, వాళ్ల జికూఫ్ కోటలో ఉండిపోయింది. 1910లో అమెరికన్ ఉక్కు కుబేరుడు హెన్రీ క్లే ఫ్రిక్ తరఫున ఆంగ్ల విమర్శకుడు రోజర్ ఫ్రై అంతదూరం వెళ్లి 60,000 పౌన్లకు బేరం తెగ్గొట్టాడు. నాటి నారింజ చెట్లు ఎన్నో గానీ, గుర్రం మేత ఖర్చు మాత్రం బాగానే గిట్టింది.

కోటలోని బొమ్మను లోకానికి చూపించినవాడు అబ్రహాం బ్రేడియస్. హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియం డైరెక్టరు. 1897లో గలీషియా వెళ్లి చూశాడు. ఇది రెంబ్రాంట్ కళాఖండమని నమ్మడానికి తనకు కొన్ని క్షణాలు చాలాయని తర్వాత చెప్పుకున్నాడు. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎందుకంటే నలభై ఏళ్ల తర్వాత, 1937లో, అదే బ్రేడియస్ మరో బొమ్మను చూసి వెర్మీర్ వేసినవాటిలో ఇదే ఘనమైనదని ప్రకటించాడు. రోటర్‌డామ్ మ్యూజియం దాన్ని కొనుక్కుంది. అది హాన్ వాన్ మీగెరెన్ అనే మోసగాడు కొత్తగా వేసిన నకిలీ అని 1945లో వాడే ఒప్పుకుంటే గానీ బయటపడలేదు. అదే కన్ను, అదే నమ్మకం. మొదటిసారి నిజమైతే దాన్ని అనుభవం అంటున్నాం, రెండోసారి తప్పింది కనక ముసలితనం అంటున్నాం. ఇది నాకు అంత న్యాయంగా అనిపించదు.

1968లో డచ్ పండితులు కొందరు రెంబ్రాంట్ రీసెర్చ్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అసలువి ఏవో, శిష్యులవి ఏవో ఏరడం వాళ్ల పని. 1984లో వాళ్లలో ఒకరైన యోసువా బ్రాయిన్ ఓ పుస్తక సమీక్ష రాస్తూ, ఈ గుర్రపు రౌతులో విలెం డ్రోస్ట్ చేయి కనిపిస్తోందన్నాడు. డ్రోస్ట్ రెంబ్రాంట్ శిష్యుడు. వెనిస్ వెళ్లి 1659లో చిన్న వయసులోనే పోయాడు. సమీక్షలో ఒక్క మాటే గానీ న్యూయార్క్‌లో భూమి కంపించింది. తర్వాత అదే ప్రాజెక్టులోని ఎర్న్‌స్ట్ వాన్ డె వెటరింగ్ బొమ్మను తిరిగి రెంబ్రాంట్‌కు అప్పగించాడు. కాకపోతే కొన్ని భాగాలు మరొకరెవరో పూర్తిచేసి ఉంటారన్నాడు. ఫ్రిక్ వాళ్లు ఈ గొడవంతా జరుగుతున్నా గోడ మీది పేరు మార్చలేదు.

వాన్ డె వెటరింగ్ మాటే నాకు బుద్ధికి అందుతుంది. ఆనాటి స్టూడియో నడక అలాంటిది మరి. శిష్యులు డబ్బు కట్టి చేరేవారు, గురువు ధోరణిలో వేసేవారు, వాళ్ల బొమ్మలను గురువు తన సరుకుగా అమ్ముకోవచ్చు. ఒకే చేయి ఆనవాలు పట్టాలన్న తాపత్రయం మనది. అయినా వేలం కేటలాగులో ‘రెంబ్రాంట్’కూ ‘రెంబ్రాంట్ శిష్యవర్గం’కూ మధ్య తేడా కోట్లలో ఉంటుంది. పండితుడు నోరు తెరిస్తే ఎవడి ఆస్తో పెరుగుతుంది, ఎవడిదో కరుగుతుంది.

ఆ 136 ఏళ్ల ఖాళీని పూడ్చడానికి ఓ వాదం ఉంది. ఆ కుర్రాడు 1650లలో హాలండ్‌లో చదువుకున్న మార్త్‌సియన్ అలెగ్జాండర్ ఒగిన్‌స్కీ అని, బొమ్మ వాళ్లింటి సొత్తుగానే వచ్చిందని. వినడానికి ముచ్చటగానే ఉంది. పోర్ట్రెయిటా కాదా అన్న ప్రశ్నా, ఎలా వచ్చిందన్న ప్రశ్నా ఒక్క దెబ్బకు తేలిపోతాయి. కానీ 1791 ఉత్తరం తీసి మళ్లీ చదివితే నాకు అనుమానం వదలదు. వంశం పేరు చెప్పుకుని బతికే ప్రభువు, తన ఇంటి పూర్వీకుణ్ణి పట్టుకుని పేరైనా చెప్పకుండా ‘ఓ కొసాక్’ అని రాస్తాడా? రాసినా, పెద్దాయన బొమ్మనిచ్చి నారింజ మొక్కలు అడుగుతాడా? రాజు ముందు బేరం పెంచడానికి రెంబ్రాంట్ పేరుతో పాటు ఆ పేరూ వాడుకునేవాడు కదా.