పూతకు రాని వేప

2026లో ఉగాది మార్చి 19నే వచ్చిపడింది. జంషెడ్‌పూర్ దగ్గరి దల్మా కొండ మీద మోదుగలు విరగబూశాయి గానీ, మా దొడ్లో వేప ఇంకా ఆకు రాలుస్తూనే ఉంది. కొమ్మ వంచి చూస్తే ఆవగింజంతేసి మొగ్గలు. శ్రీకాకుళం నుంచి అక్క ఫోన్ చేసి, "ఇక్కడ వాకిలి నిండా పువ్వేరా, ఊడ్వలేక చస్తున్నా" అంది. కావాలనే అంది.

కొలువు ఉన్నన్నాళ్ళూ జంషెడ్‌పూర్‌లో, కద్మా క్వార్టర్లో ఉండేవాళ్ళం. పచ్చడికి ఏ లోటూ రాలేదు, బిష్టుపూర్ రామమందిరానికి వెళ్తే చేతిలో పోసేవారు. రిటైరయ్యాక సువర్ణరేఖ నది దాటి ఆ కొండ దిగువన ఇల్లు కట్టుకున్నాకే చెట్టుకీ పంచాంగానికీ చుట్టరికం లేదని తెలిసింది. ఉగాది 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30. చాంద్రమానం ఏటా పది, పదకొండు రోజులు ముందుకొస్తుంది. అధిక జ్యేష్ఠం పుణ్యమా అని 2027లో మళ్ళీ ఏప్రిల్ 7.

ఏప్రిల్ ఉగాదైతే నాకు రెండు పండగలు. తెల్లారగట్ల చెట్టు కింద పాత చీర పరిచి కొమ్మ దులుపుతాను. రాలిన పువ్వును అరచేతుల మధ్య మెత్తగా, చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు నలిపి, చేటలో పోసి కాడలు పోయేలా ఊదుతాను. బెల్లం మాత్రం చలికాలంలో కొని దాచిన ఈతబెల్లం. అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు.

2026లో మాత్రం మొగ్గలే గిల్లి వేశాను. మామిడి పిందె బొటనవేలంత, పులుపు లేదు, వట్టి వగరు. పక్కింటి ఉరాఁవ్ ఆదివాసీ చాచీకి గిన్నెలో పచ్చడి పోసి పట్టుకెళ్తే ముట్టలేదు. వాళ్ళ సాలపూల పండగ సర్హుల్ కాకుండా కొత్త కాయ నోట పెట్టరట. సర్హుల్ చైత్ర శుద్ధ తదియ, అంటే మన పాడ్యమి తర్వాత రెండో రోజే. అయినా చాలా పల్లెల్లో తదియ పట్టింపు కూడా లేదు, సాల చెట్టు పూత చూసుకుని ఊరికో రోజు చేసుకుంటారు. ఊరి పూజారి పాహన్ కుండల్లో నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్నే మట్టం చూసి ఆ ఏటి వానలు చెబుతాడు. మన పంతులుగారు పుస్తకం చూసి చెబుతారు. నేను రెండూ వింటాను, గొడుగు మాత్రం ముందే బాగుచేయించుకుంటాను.

సర్హుల్ అయ్యాక, వేప విచ్చిన రోజున మళ్ళీ పచ్చడి చేశాను. చాచీ నా చెవి వెనక సాలపువ్వు దోపి, ఒక చెంచా నోట్లో వేసుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఉప్పు తక్కువైంది" అంది.