శ్రవణము పఠనమగునా?

గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర వెలసిన ప్రభుత్వ కళాశాల యున్నది. కవిపండిత సత్కారమునకు పేరొంది ‘విద్వద్గద్వాల’ యనిపించుకొన్న సంస్థానపు నగరమది. వనపర్తి రాజభవనము పాలిటెక్నిక్ విద్యాలయమునకు నెలవైనది. నాగర్‌కర్నూలు సీమలోని జటప్రోలు నేలిన సురభి మాధవరాయలు ‘చంద్రికాపరిణయ’ ప్రబంధకర్త. 2016 అక్టోబరు 11వ తేదీన మూడు జిల్లాలుగా నేర్పడిన ఈ ప్రాంతమున తెలుగు చదువు విద్యార్థికి సాహిత్యము దూరపు వస్తువు కాదు. కాని చూపులేని విద్యార్థికి ఆ సాహిత్యము ఏ రూపమున చేరుచున్నది? ఈ ప్రశ్నను మన విమర్శకులు సంక్షేమశాఖలకు వదలివేసినారు. ఇది సాహిత్యప్రశ్నయే యని మా వాదము.

“సెల్‌ఫోను చదివి వినిపించుచున్నది గదా, ఇక కొరత యేమి?” అని తోటి అధ్యాపకులే యనుచుందురు. ఈ మాటలో సగము సత్యము గలదు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో ఆరంభింపగా జేమ్స్ టెహ్ చేయి కలిపిన ఎన్.వి.డి.ఎ. అను సాధనము కంప్యూటరు తెరమీది వ్రాతను పైకి చదువును. వారిరువురును అంధులే. ఆ సాధనమునకు వెల లేదు. తెలుగును సైతము పలుకును. చరిత్రయో అర్థశాస్త్రమో చదువువారికి దానితో చాలవరకు పని జరుగును. తెలుగు చదువువారికి జరుగదు.

ఏలయన, మన శాస్త్రములో అక్షరము వేరు, ధ్వని వేరు అయిన చోట్లు పెక్కు గలవు. ‘కరి’ యన ఏనుగు, ‘కఱి’ యన నలుపు. నేటి ఉచ్చారణలో రెండును ఒక్కటే. ‘ఏడు’ సంఖ్య, ‘ఏఁడు’ సంవత్సరము. అరసున్న చెవికి వినబడదు. (ఈ వ్యాసములోనే మేము అరసున్నను విడిచితిమి గనుక ఒరులను నిందింప మాకు అధికారము తక్కువ.) రేఫ శకటరేఫములకు ప్రాస చెల్లదని లాక్షణికులు చెప్పిన నియమమును కేవలము విని నేర్చినవాడు అప్పగింపగలడే కాని, పద్యములో పరీక్షింపజాలడు. అక్షరమక్షరముగా పలుకుమని యంత్రము నాజ్ఞాపింపవచ్చును. నాలుగు పాదములను అట్లు విన్నచో అక్షరములు మిగులును, పద్యము మిగులదు.

నడక సంగతి యింకను కష్టము. మన వృత్తములలో పాదము ముగిసినచోట పదము ముగియవలెనను నియమము లేదు. ముద్రణలో పంక్తి విరిగినచోట యంత్రము ఊపిరి తీయును. పదము రెండు తునకలగును. ఉత్పలమాలలో పదవ యక్షరమున యతి గలదని దానికి తెలియదు. మంచి చదువరి గొంతులో వినబడు విరుపు దానియందు లేదు. ఇది యంత్రదోషమని మేమనము. మనము దానికిచ్చిన పాఠము అట్టిది.

ఈ చర్చలో బ్రెయిలీని పాతబడిన వస్తువుగా త్రోసివేయుట మాకు సమ్మతము కాదు. 1951లో రూపొందిన భారతీ బ్రెయిలీ మన భాషల కన్నిటికిని ఆరు చుక్కలతోనే లిపి కూర్చినది. అందు ఱకారమునకు వేరు గుర్తు గలదు. అంతకంటె విశేషము సంయుక్తాక్షరముల తీరు. ముద్రణలో ఒత్తు సాధారణముగా అక్షరము క్రిందనో ప్రక్కనో చేరును. బ్రెయిలీలో సంయుక్తమునకు ముందుగానే ఒక చుక్కగుర్తు వచ్చును. పిమ్మట హల్లులు పలుకువరుసలో నిలుచును. ‘సత్యము’ అను మాటలో సకారమును దాటిన వేలికి తకారము కంటె ముందు ఆ గుర్తు తగులును. అనగా ‘స’ గురువని అప్పుడే తెలిసిపోవును. కంటితో చదువువాడు తరువాతి యక్షరము నడుగువరకు చూచి వెనుకకు మరలవలెను. గణవిభజనకు ఇంత అనువైన లిపిని మన ఛందశ్శాస్త్రాధ్యాపకులలో ఎందరు తడవి చూచినారు?

పలకయు మొనపుల్లయు గొని తరగతిలో నోట్సు వ్రాయు విద్యార్థి కుడినుండి యెడమకు పొడిచి, కాగితము త్రిప్పి యెడమనుండి చదువుకొనును. శ్రమ నిజమే. కాని ఆ వ్రాతలోని వర్ణక్రమము అతనిది. పరీక్షలో లేఖకుడు వ్రాసినపుడు అట్లు కాదు. గంటకు 20 నిమిషముల అదనపు కాలము నిచ్చు నిబంధన మేలైనదే. అయినను లేఖకుడు ‘కఱి’ని ‘కరి’గా వ్రాసినచో తప్పు ఎవరి ఖాతాలో పడును? వినికిడి లేనివారి కష్టము దీనికి ప్రతిబింబము వంటిది. ఉపన్యాసమును అక్షరములుగా మార్చు సాధనములు వచనమును కొంత పట్టుకొనును. అధ్యాపకుడు రాగమెత్తి పద్యము నందుకొన్నంతనే తడబడును. పద్యపాఠమును ముందుగా వ్రాసి యిచ్చుట యొక్కటే యిప్పటికి మాకు తోచిన మార్గము.

ఇక మన పాలి దోషము. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినది. అయినను పాతపద్ధతి అక్షరముల ఫాంట్లలో కూర్చిన నోట్సులు నేటికిని చేతులు మారుచున్నవి. తెరపై తెలుగుగా కనబడినను లోపల ఆంగ్లాక్షరములే గనుక యంత్రము అర్థరహితముగా వాగును. పాతగ్రంథములు పెక్కు ఛాయాచిత్రములుగా మాత్రమే యున్నవి. చట్టము అడ్డమనుటకు వీలులేదు. 2012 నాటి కాపీరైటు సవరణ వికలాంగులకు అనువైన ప్రతులు చేసికొనుటకు అనుమతించినది. 2013 నాటి మర్రకేష్ ఒడంబడికను 2014లో అన్ని దేశములకంటె ముందు ధ్రువపరచినది మనదేశమే.

గద్వాల సీమలోని బోరవెల్లిలో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారు తెలంగాణమున కవులు లేరను మాటకు బదులుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి 354 మంది కవులను చూపినారు. గ్రంథము కంటబడనంతకాలము కవి లేనివానిక్రింద లెక్క. పటముగా నిలిచిపోయిన ప్రబంధము చూపులేని పాఠకునికి నేడట్లే లేనిదగుచున్నది.

కావున సంస్థానకవుల గ్రంథములను పరిష్కరించువారు యూనికోడ్ మూలమును, ప్రతి పద్యమునకు వృత్తనామమును, పాదవిభాగమును, విడిగా పదవిభాగమును సిద్ధపరుపవలెను. పాదాంతమున విరిగిన పదములను వినుటకై కలిపి వ్రాసిన ప్రతి వేరుగా నుండవలెను. చంద్రికాపరిణయమున ఒక్క ఆశ్వాసముతో ఆరంభించినను చాలును. ప్రూఫులు దిద్దువారిలో బ్రెయిలీ చదువరి యొకడు, ఆశ్వాసము పూర్తియైన పిదప కాక, మొదటి పద్యమునుండియే యుండవలెను.