‘రాధికా సాంత్వనము’: రెండు అసహనాలు

తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానానికి చెందిన ముద్దుపళని 18వ శతాబ్దంలో రచించిన ‘రాధికా సాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా, 1910లో వావిళ్ల వారు ప్రచురించారు. మరుసటి ఏడాదే అశ్లీలమన్న అభియోగంపై బ్రిటిష్ ప్రభుత్వం దానిని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఆ నిషేధాన్ని తొలగించింది. భావప్రకటన స్వేచ్ఛకు ఈ వృత్తాంతాన్ని తరచూ ఉదాహరిస్తాం. అయితే ఇందులో రెండు వేర్వేరు అసహనాలున్నాయి. వాటిని కలిపి చూడడం వల్ల చర్చ పక్కదారి పడుతోందని నా అభిప్రాయం.

మొదటిది విమర్శకునిది. కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్రకవుల చరిత్రము’లో ముద్దుపళని పాండిత్యాన్ని మెచ్చుకొంటూనే, ఆమె శృంగార వర్ణనలు స్త్రీ నోట రాదగనివని నిందించారు. ఆమె పుట్టుకను సైతం ఆ నిందలోకి లాగారు. వితంతు వివాహాలకు పూనుకొన్న సంస్కర్త నుంచి వచ్చినందువల్ల ఈ మాట మరింత బాధిస్తుంది. కానీ అది మాటే. నాగరత్నమ్మ దానికి పీఠికలోనే బదులిచ్చారు. సిగ్గు ఆడవారికి మాత్రమేనా, మగవారికి అక్కరలేదా అని నిలదీసి, విమర్శకుని సొంత రచనలలోని శృంగారాన్నీ ఎత్తిచూపారు. ఈ వాదం ఎంత కటువైనా సాహిత్య క్షేత్రంలోనే నడిచింది.

రెండవది రాజ్యానిది. పోలీసులు ప్రతులను పట్టుకుపోతే దానికి పీఠికతో బదులివ్వలేం. వీరేశలింగాన్నీ, ఆ పోలీసులనూ ఒకే గాటన కట్టే వ్యాసాలతో నేను ఏకీభవించలేను. అలా చేస్తే కఠిన విమర్శ చేసే హక్కునే మనం వదులుకొన్నట్లవుతుంది.

ఇంతకూ ఆ కావ్యంలో సహించరానిదేమిటి? శృంగారం మన ప్రబంధాలకు కొత్త కాదు. ఇక్కడ రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణునికిచ్చి పెండ్లి చేస్తుంది, ఆపై అసూయతో రగిలిపోతుంది. చివరకు కృష్ణుడే దిగివచ్చి ఆమెను అనునయించాలి. ఎవరు ఎవరిని సాంత్వనపరచాలో కావ్యనామమే చెబుతోంది. కోరికను చెప్పే గొంతు స్త్రీది, రాసిన చేయీ స్త్రీదే. అభ్యంతరానికి మూలం వర్ణనలో కంటే ఇందులోనే ఎక్కువ ఉందనిపిస్తుంది.

ఎం.ఎ. తరగతిలో ఒకసారి ఈ కావ్యంపై రెండు గంటలు నిషేధ చరిత్ర చెప్పి, ఒక్క పద్యమైనా చదవకుండా ముగించాను. నన్ను ఆపిన చట్టమేదీ లేదు. ‘మరి పద్యాలెప్పుడు సార్?’ అని ఒక విద్యార్థిని అడిగింది. తరువాతి వారం మూడు పద్యాలు చదివాం. చర్చ ఎక్కువసేపు ఛందస్సు దగ్గరే సాగింది.