అక్కడ డిసెంబర్ 8, ఇక్కడ 9

రాక్ సంగీతానికి 'చరిత్రలో ఈ రోజు' తరహా జాబితాలు బోలెడు. ఏ తేదీ తిప్పినా ఎవరో పుట్టి ఉంటారు, ఎవరో పోయి ఉంటారు. వాటిల్లో డిసెంబర్ 8 బరువైన పేజీ. 1943లో డోర్స్ గాయకుడు జిమ్ మారిసన్ పుట్టాడు. 1980లో న్యూయార్క్‌లో జాన్ లెనన్‌ను ఇంటి ముందే కాల్చి చంపారు. 2004లో ఒహాయోలోని కొలంబస్‌లో, స్టేజీ మీద గిటార్ వాయిస్తున్న డైమ్‌బ్యాగ్ డారెల్‌ను కాల్చి చంపారు. మూడూ వరసగా చదివితే ఆ తేదీకేదో శాపం ఉందనిపిస్తుంది. నా పేచీ అక్కడే.

అబిడ్స్ గడియారంతో చూడండి. లెనన్ మీద తూటాలు పేలింది అక్కడ రాత్రి పదకొండుకు కాస్త ముందు. ఇక్కడప్పుడు పొద్దున తొమ్మిది దాటింది, జనం ఆఫీసులకు బయల్దేరే వేళ. తేదీ డిసెంబర్ 9. డారెల్ పోయిందీ మన లెక్కన 9వ తేదీ పొద్దునే. ఇక తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్రం ప్రకటించింది 2009లో, అదే డిసెంబర్ 9 రాత్రి. నాంపల్లిలో అసెంబ్లీ ఎదుట, గన్‌పార్కు స్తూపం దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ తేదీ చెబితే లెనన్ ఎందుకు గుర్తొస్తాడు? తేదీకి అర్థం మనం నిలబడ్డ చోటును బట్టి వస్తుంది.

మనకూ స్మరణ దినాలున్నాయి. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు. ఇంగ్లిషు తేదీ ఏటా మారుతుంది. కానీ ఆ రోజు జనం కూర్చుని పంచరత్నాలు పాడతారు. తిథి అక్కడ పాటకు పిలుపు. జాబితా మననేమీ అడగదు. చదివి, 'అయ్యో' అనుకుని, ముందుకు పోవడమే.

పైగా జాబితాకు పేరున్నవాళ్లే కావాలి. కొలంబస్‌లో ఆ రాత్రి డారెల్‌తో పాటు ఇంకో ముగ్గురిని చంపాడు ఆ హంతకుడు: ఒక అభిమాని, ఒక క్లబ్బు ఉద్యోగి, బ్యాండ్ భద్రత చూసే ఒక మనిషి. ఒక్క లైన్లో వాళ్లకు చోటు దొరకదు.

వినడానికసలు తేదీ ఉండదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య దొరికే సంగీత పత్రిక ఏ సంవత్సరందైనా కావచ్చు. అది కొన్నవాళ్లకు ఆ బ్యాండ్ ఆ రోజే పుట్టినట్టు. ఆ పుట్టినరోజు ఏ జాబితాకీ ఎక్కదు.

లెనన్ బతికుండగా వచ్చిన చివరి ఆల్బమ్ 'డబుల్ ఫాంటసీ'. 1980 నవంబర్ 17న, అంటే హత్యకు మూడు వారాల ముందు విడుదలైంది. ఐదేళ్లు పాటకు దూరంగా ఇంట్లో కొడుకును పెంచిన మనిషి, మళ్లీ మొదలుపెట్టడం గురించి, భార్యాబిడ్డల గురించి పాడాడందులో. డిసెంబర్ 8 ఆ రికార్డు మీద ఎంత నీడ పరిచిందంటే, అందులోని సంతోషం కూడా మనకు చావు కబురులాగే వినిపిస్తుంది. జాబితా చేసే అసలు నష్టం ఇదే. ఆ ఆల్బమ్‌ను ఏ మార్చిలోనో, ఏ ప్రత్యేకతా లేని మంగళవారం పూట వినండి. బతకాలని ఎంత ఇష్టపడ్డాడో తెలుస్తుంది.