వలయం తెగకుండా

నవరాత్రుల్లో సూరత్ గర్బా బ్యాండు ముందు వేల మంది ఉంటారు. వాళ్లలో కూర్చుని వినేవాళ్లు కొద్దిమంది. వేదిక వైపు చూసేవాళ్లు ఇంకా తక్కువ. అందరూ గుండ్రంగా తిరుగుతూ చప్పట్లు చరుస్తుంటారు. పాట ముగిశాక మెచ్చుకోలు చప్పట్లు వినిపించవు, ఎందుకంటే పాట ముగియదు. ఒక పాట తోక పట్టుకుని ఇంకో పాట వచ్చేస్తుంది. ఆడేవాళ్ల కాలు ఒక్కసారి తడబడితే వెనకవాళ్లు వచ్చి మీద పడతారు, వలయం తెగుతుంది. ఆ బ్యాండు పనితనాన్ని కొలవాల్సింది అక్కడే. గొంతు మాధుర్యం, రాగం మీద పట్టు ఉంటే సంతోషమే గాని, ముందు కాళ్లకు దారి చూపాలి.

చిల్లులు పొడిచిన మట్టికుండలో దీపం వెలిగించి, దాని చుట్టూ ఆడవాళ్లు పాడుతూ తిరగడం గర్బా పాత రూపం. ఒకరు చరణం అందిస్తే మిగతావాళ్లు అందుకుంటారు. డోలు, మంజీరాలు ఉంటే చాలు. 2023 డిసెంబరులో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది ఈ సంప్రదాయాన్నే. దీనిలోకి కీబోర్డు, గిటారు, ఎలక్ట్రానిక్ డ్రమ్ములు ఎలా దూరాయన్నది నాకు ఎంతో ఇష్టమైన కథ.

అమెరికాలో 1960ల కుర్రాళ్లు ఇంటి గ్యారేజీల్లో మూడు గిటారు కార్డ్స్ నేర్చుకుని, చౌక యాంప్లిఫయర్లు చిట్లిపోయేలా వాయించారు. 1963లో పోర్ట్‌లండ్‌కు చెందిన కింగ్స్‌మెన్ రికార్డు చేసిన 'లూయీ లూయీ' ఆ ధోరణికి జెండా లాంటిది. ఆ గాలి మన దేశానికీ తగిలింది. బెంగళూరులో బిద్దు అనే కుర్రాడు ట్రోజన్స్ అనే బీట్ గ్రూపులో పాడాడు. 1970, 71లో సిమ్లా సిగరెట్ల కంపెనీ దేశమంతటి బీట్ గ్రూపులకు పోటీలు పెట్టి రికార్డులు కూడా వేయించింది. బిద్దు అప్పటికే లండన్ చేరాడు. 1974లో 'కుంగ్ ఫూ ఫైటింగ్'తో ప్రపంచాన్ని ఊపేశాడు.

అదే కాలంలో బొంబాయిలో ఒక కచ్ఛీ కిరాణా కుటుంబం సంగీతంలో మునిగి ఉంది. పెద్దవాడు కల్యాణ్‌జీ. 1954 నాటి 'నాగిన్' సినిమాలో పాములవాడి బూరలా వినిపించేది బూర కాదు, ఆయన వాయించిన క్లావియోలిన్ అనే విద్యుత్ వాద్యం. తమ్ముడు ఆనంద్‌జీతో కలిసి 1968లో 'సరస్వతీచంద్ర'కు కట్టిన పాటల్లో గర్బా నడక సినిమా తెర మీదికి వచ్చింది. ఇంకో తమ్ముడు బాబ్లా అరవయ్యో దశకంలోనే సొంత ఆర్కెస్ట్రా పెట్టాడు. 1980లో 'కుర్బానీ' సినిమాకు కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ సంగీతం చేస్తుంటే, నాజియా హసన్ పాడిన ఒక్క పాటను బిద్దు చేశాడు. దేశమంతా డిస్కో పిచ్చి పట్టుకుంది. ఆ వెంటనే బాబ్లా డిస్కో దాండియా రికార్డులు వచ్చాయి. పాత గర్బా బాణీల కింద డ్రమ్ములు, బేస్ గిటారు, సింథసైజరు. గ్యారేజీ మోత సూరత్ మైదానానికి చేరిన దారుల్లో ఇదొకటి. బాబ్లా, ఆయన భార్య కాంచన్ ఆ సరంజామాతోనే ట్రినిడాడ్, గయానా, సురినామ్ తిరిగి అక్కడి భారత సంతతివారిని ఉర్రూతలూగించారు.

ఇక పనితనం సంగతి. ముందు తాళం. హీంచ్ అంటే ఆరు మాత్రల ఊయల నడక; అడుగు పక్కకు జారి తిరిగొస్తుంది. కహర్వా ఎనిమిది మాత్రలు. దాండియా కోలల దెబ్బకు అది కుదురుతుంది. రెండు చప్పట్లది బే తాళీ, మూడు చప్పట్లది త్రణ్ తాళీ. ఒక నడక నుంచి ఇంకో నడకకు మారడమే అన్నిటికన్నా కష్టం. ఆరులో తిరుగుతున్న వెయ్యి మందిని ఎనిమిదిలోకి తేవాలంటే గాయని ఒక్కతి వల్ల కాదు. డోలు వాయించేవాడు పాత నడక చివరి ఆవర్తంలోనే కొత్త నడక బరువును చూపిస్తాడు. పాట మారకముందే కాలికి కబురు అందుతుంది. ఆ రెండు మూడు క్షణాల్లో అతని చేతిని గమనించండి, బ్యాండుకు అసలు నాయకుడెవరో తెలుస్తుంది.

1985లో రోలండ్ కంపెనీ ఆక్టాప్యాడ్ తెచ్చింది. ఎనిమిది రబ్బరు పలకలు, పుల్లలతో కొడితే ఒక్కొక్కటి ఒక్కో వాద్యమై పలుకుతుంది. నగారా, మంజీరా, తబలా అన్నీ ఒకరి చేతి కిందికి వచ్చాయి. ప్రయాణం చేసే బ్యాండుకు ఇది వరం. నవరాత్రులకు ముందు వారాంతాల్లో అమెరికా, ఇంగ్లండు హాళ్లలో వాయించే బృందాలు నగారాలు మోసుకుపోనక్కర్లేదు. అయినా పేరున్న బ్యాండ్లు నిజం డోలును వదల్లేదు, వదలకూడదు కూడా. తోలు మీద పడే దెబ్బలో ప్రతిసారీ ఒక చిన్న తేడా ఉంటుంది. గంటల కొద్దీ ఒకే ఆవర్తం తిరుగుతున్నా మనిషి విసుగెత్తకపోవడం ఆ తేడా వల్లే.

పెద్ద మైదానంలో ఇంకో చిక్కుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్నవారికి డోలు దెబ్బ దాదాపు 0.3 సెకను ఆలస్యంగా చేరుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో రెండు దెబ్బల మధ్య ఎడమే అర సెకను. దూరాన ఉన్నవారి కోసం అక్కడో స్పీకరు నిలబెడితే, దానిలోంచి ఒక దెబ్బ, వేదిక నుంచి కాస్త ఆగి ఇంకో దెబ్బ వినిపిస్తాయి. ఏ దెబ్బకు చప్పట చరచాలి? అందుకని దూరపు స్పీకర్లకు ధ్వనిని కావాలనే అంతే ఆలస్యంగా పంపి రెండు దెబ్బలనూ ఒకటి చేస్తారు. మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషిని కూడా వాద్యకారుడిగానే లెక్కపెట్టాలని నేనంటాను.

వేగం పెంచడానికీ ఒక మర్యాద ఉంది. అమ్మవారి స్తుతితో నెమ్మదిగా మొదలై, ఎవరికీ తెలియకుండా కొద్దికొద్దిగా వేగం పెరుగుతూ పోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్లు కూడదు. పండగలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా అనుమతించే వీలు రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. అందుకే బ్యాండు గడియారం చూసుకుంటూ శిఖరానికి ఎక్కుతుంది. అమ్మవారి స్తుతి అన్నాను కదా, గుజరాత్ అంతటా గర్బా రాత్రుల్లో పాడే 'జయ్ ఆద్యాశక్తి' హారతిని కట్టిన శివానంద స్వామి సూరత్ వాడే. సుమారు నాలుగు వందల ఏళ్లయినా ఆ పాట ఇప్పటికీ పాతబడలేదు.

కరోనా వల్ల 2020లో గర్బా జరగలేదు. 2021లో పెద్ద మైదానాలకు అనుమతి ఇవ్వకుండా వీధుల్లో, హౌసింగ్ సొసైటీల్లో 400 మంది వరకు ఆడుకోనిచ్చారు. దాంతో వీధి గర్బా, అంటే శేరీ గర్బా, మళ్లీ ఊపిరి పోసుకుంది. ఒక డోలు, ఒక కీబోర్డు, పాడే ఇద్దరు. టికెట్టు లేదు. నాకు ఈ చిన్న బ్యాండే గొప్పగా తోస్తుంది. వేదిక మీద మోత తగ్గితే వలయంలోంచి వంత వినిపిస్తుంది. ఇక్కడి గాయని తన గొంతుకు నప్పే శ్రుతిని పక్కన పెట్టి, చుట్టూ తిరిగే అత్తాకోడళ్లందరికీ అందే శ్రుతి పట్టుకుంటుంది. దానికి చాలా విద్య కావాలి.

వలయంలోంచి వచ్చే వంత విలువ సూరత్ తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సాంచాల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ షోలాపూర్, భివండి దారినే ఇక్కడికీ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డాయి. పెత్రమాస (మహాలయ అమావాస్య) నాడు ఎంగిలిపూలతో వాళ్ల బతుకమ్మ మొదలైన మర్నాడే గుజరాతీల గర్బా మొదలవుతుంది. నడుమ పూలో దీపమో, చుట్టూ ఆడవాళ్లు, చప్పట్లు, ఒకరు అందిస్తే అందరూ పాడే పాట. బతుకమ్మకు వాద్యమే అక్కర్లేదు, చప్పటే తాళం. ఇప్పుడు బతుకమ్మ ఆటల్లోకీ డీజే పెట్టెలు వచ్చి పడుతున్నాయి, ఆ హోరులో పాడే నోళ్లు మూతపడుతున్నాయి. బతుకమ్మకు సౌండు కావాలనుకునే కమిటీలు డీజేకు అడ్వాన్సు ఇచ్చేముందు సూరత్ వీధి గర్బా బ్యాండును ఒక రాత్రి వినాలి. పాట వచ్చిన పెద్దమ్మ చేతికి ఒక మైకు, పక్కన మెల్లగా ఒక డోలు, వంత పాడేవాళ్ల గొంతుకు మించని స్పీకరు. ఖర్చు కూడా తగ్గుతుంది.