నీళ్లలో మండలం కట్టిన కీర్తన

పూరీ రథయాత్ర అనగానే పెద్దవీధి బడదండ మీద కదిలే మూడు రథాలు, వాటి మోకులు, కిక్కిరిసిన జనం కళ్లముందు మెదులుతాయి. రథాలు గుండిచా మందిరం చేరిన తర్వాత ఏం జరిగేదో చెప్పుకునేవాళ్లు తక్కువ. 1512 ప్రాంతంలో, జగన్నాథుడు అక్కడ విడిది చేసిన రోజుల్లో, చైతన్య మహాప్రభువు తన పరివారంతో ఆ పక్కనే ఉన్న ఇంద్రద్యుమ్న సరోవరంలో దిగి జలకాలాడేవారు. ఆ పరివారంలో వేదాంత పండితులున్నారు, రాజ్యం ఏలిన అధికారులున్నారు, ముదుసలి ఆచార్యులున్నారు. వాళ్లంతా నీళ్లలో మండలాలు కట్టి, చేతులతో నీటిని చరుస్తూ, తాళం వేస్తూ గంటల తరబడి ఆడేవారు.

మనశ్శాంతిని కళ్లు మూసుకుని, ఒంటరిగా, కదలకుండా వెతకాలని చాలామంది నేర్పుతారు. అది గొప్ప దారే. కానీ మహాప్రభువు అనుచరులైన గౌడీయ వైష్ణవులు తమలోని శాంతిని పదిమంది మధ్య, గొంతెత్తి, నడుము లోతు దాటిన నీళ్లలో బయటపెట్టారు. ఆ కేళిని భక్తి పరవశమని ఒక్క మాటతో దాటేస్తే అందులోని నేర్పు మనకు కనబడదు. ఈతకూ పాటకూ మూలం ఒక్కటే, అది ఊపిరి. ఆ రెంటినీ గుంపుగా కలిపి చెయ్యడంలో ఒక పద్ధతి ఉంది.

మహాప్రభువుకు నీళ్లు కొత్త కాదు. ఆయన 1486లో పుట్టిన నవద్వీపం గంగ ఒడ్డు ఊరు. బృందావన దాసు రాసిన 'చైతన్య భాగవతం'లో బాల విశ్వంభరుడు (అది ఆయన చిన్ననాటి పేరు) తోటి పిల్లలతో గంగలో ఈదుతూ, స్నానానికి వచ్చిన పెద్దల మీద నీళ్లు చిమ్ముతూ కనిపిస్తాడు. సన్న్యాసం పుచ్చుకున్నాక ఆ అల్లరి పోయిందనుకుంటాం. పోలేదు, కీర్తనలో కలిసి మళ్లీ నీళ్లలోకే వచ్చింది.

ముందు కీర్తన సంగతి చెప్పాలి, ఎందుకంటే నీళ్లలోని క్రమం అక్కడినుంచి వచ్చిందే. రథం వెంట పాడడానికి మహాప్రభువు భక్తుల్ని ఏడు జట్లుగా చేశారు. నాలుగు జట్లు రథానికి ముందు, రెండు పక్కల, ఒకటి వెనక. జట్టుకు రెండేసి చొప్పున మొత్తం 14 మృదంగాలు. ఆయన స్వయంగా కూర్చిన జట్లలో ఒకరు ఎత్తుకుని పాడితే, ఐదుగురు అందుకునేవారు, ఒకరు నాట్యం చేసేవారు. ఎత్తుకోవడం, అందుకోవడం అనే ఈ విభజన చూడడానికి చిన్నదే. కానీ ఎండలో ఆడుతూ పాడేవాళ్లకు అదే ప్రాణాధారం. ఒకరు పాడుతున్నంతసేపూ మిగిలినవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. గొంతు అలసేలోగా పాట చేతులు మారుతుంది. మన పల్లె భజన గుంపుల్లో పెద్దలు పిల్లలకు మొదట నేర్పేదీ ఇదే.

అంతసేపు పాడి ఆడిన ఒళ్లు నీళ్లలో దిగుతుంది. 'చైతన్య చరితామృతం' మధ్యలీల 14వ అధ్యాయంలో కృష్ణదాస కవిరాజు ఈ జలకేళిని కళ్లకు కట్టినట్టు రాశారు. ముందు మహాప్రభువే అందరి మీదా నీళ్లు చల్లారు, అందరూ ఆయన మీద చల్లారు. తర్వాత ఒకసారి అందరూ కలిసి ఒకే మండలంగా, మరోసారి విడిపోయి చిన్నచిన్న మండలాలుగా నిలిచారు. అలా నిలిచి కరతాళం వేస్తూ జలమండూక వాద్యం వాయించారు. వానాకాలం చెరువులో కప్పల బెకబెకలను పోలిన మోత అది. కప్పల గుంపుపాటను వేదం చదివే బ్రాహ్మణుల గొంతులతో పోల్చిన సూక్తం ఒకటి ఋగ్వేదం ఏడో మండలంలోనే ఉంది కాబట్టి, ఆ పోలికలో చిన్నతనమేమీ లేదు.

నీటిని వాద్యంగా వాడడం ఈ దేశంలో పాత విద్య. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో ఉదకవాద్యం ఒకటి, ఉదకాఘాతం మరొకటి. మొదటిది నీటిమీద మద్దెల మోత పుట్టించడం, రెండోది నీళ్లు చిమ్మి కొట్టడం. బెంగాల్ పిల్లలకు 'కయా' అనే నీటి ఆట ఉండేదని, నీళ్లలో చేతులు చరుస్తూ ఆ మాటే పదే పదే అంటారని, మహాప్రభువు పూరీలో దాన్నే మొదలుపెట్టారని బృందావన దాసు రాశారు. శాస్త్రం పేరుపెట్టి చెప్పిన కళ, పల్లె పిల్లల ఆట ఒకే కొలనులో కలిశాయి.

నీటి మోత పుట్టించడంలో కిటుకంతా అరచేతిలో ఉంది. చెయ్యి బల్లపరుపుగా పెట్టి కొడితే 'చట్' మని పలచటి చప్పుడు వస్తుంది. అరచెయ్యి దొప్పలా చేసి, కాస్త గాలిని పట్టి నీళ్లలోకి నొక్కితే ఆ గాలి బుడగ లోపల మోగి, మృదంగం ఎడమ ముఖంలాంటి లోతైన నాదం వస్తుంది. ఈ రెండు చప్పుళ్లుంటే తాళానికి చాలు. పసిఫిక్‌లో వనువాటు దీవుల ఆడవాళ్లు నడుము లోతు నీళ్లలో నిలబడి ఇలాంటి దెబ్బలతోనే ఇప్పటికీ కచేరీలు చేస్తున్నారు.

మండలం కట్టడానికీ కారణముంది. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది, నీళ్లలో సుమారు 1,480 మీటర్లు. ఒక చెవికీ రెండో చెవికీ చప్పుడు చేరే వ్యవధిలో ఉన్న తేడాను బట్టి అది ఏ దిక్కునుంచి వచ్చిందో మెదడు పోల్చుకుంటుంది. నీళ్లలో ఆ తేడా మరీ చిన్నదైపోతుంది. అందుకే తల ముంచినవాడికి తాళం ఎక్కడినుంచో కాక, అన్నివైపుల నుంచీ ఒక్కసారే వచ్చినట్టు వినిపిస్తుంది. పైన గాలిలో పాడుతున్న గొంతులు మాత్రం లోపలికి దాదాపు రావు, నీటి ఉపరితలం ఆ ధ్వనిని వెనక్కి కొట్టేస్తుంది. తల పైకెత్తితే పాట, ముంచితే తాళం. మండలంలో ఒకరికొకరు ఎదురుగా ఉంటే, చెవులు నీళ్లలో ఉన్నా ఎదుటివారి పెదవులూ చేతులూ చూసి లయ తప్పకుండా ఉండొచ్చు.

ఇక ఊపిరి. బారఈతలో తల తిప్పి నోటితో గబుక్కున గాలి అందుకుంటాం, ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ నెమ్మదిగా వదులుతాం. పాటలోనూ అంతే. పాదానికీ పాదానికీ మధ్య చటుక్కున పీల్చి, పాదం పొడుగునా కొద్దికొద్దిగా విడుస్తాం. పీల్చడం కురచ, విడవడం పొడుగు. ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడు గుండె కొంచెం వేగం పుంజుకుంటుంది, విడిచినప్పుడు నెమ్మదిస్తుంది. కాబట్టి విడుపు సాగే కొద్దీ గుండెకు నెమ్మది దొరుకుతుంది. మెడ లోతు నీళ్లలో ఇంకో సంగతి తోడవుతుంది. నీటి ఒత్తిడి రొమ్మును చుట్టూ అదుముతుంది కనుక పీల్చడం కాస్త బరువు, విడవడం తేలిక. దేహం బరువులో పదోవంతు మాత్రమే కాళ్ల మీద పడుతుంది. నిలబడి పాడేవాడి నడుములో, మోకాళ్లలో ఉండే బిగువు సడలుతుంది. గొంతు విప్పుకోవడానికి ఒంటి బిగువు పోవడం ఎంత అవసరమో సంగీతం గురువులనడిగితే చెబుతారు.

జపించడం, గుంపుగా పాడడం ఊపిరినీ గుండెనూ ఎలా కట్టేస్తాయో ఆధునికులు కొలిచి చూశారు. 2001లో ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం, జపమాల ప్రార్థన చేసేవారికీ మంత్రం జపించేవారికీ శ్వాస నిమిషానికి ఆరు సార్ల దగ్గర కుదురుకుంటుందని, రక్తపోటును సర్దే నాడీవ్యవస్థ ఆ లయలో మెరుగ్గా స్పందిస్తుందని చూపింది. 2013లో స్వీడన్‌లో బ్యోర్న్ విక్‌హాఫ్ బృందం, కలిసి పాడేవాళ్ల గుండెల వేగం పాటను బట్టి ఒకేసారి పెరగడం, ఒకేసారి తగ్గడం గమనించింది. ఇవి రెండూ నేలమీద చేసిన పరిశీలనలు. నీళ్లలో పాడేవారికి పైన చెప్పిన ఒత్తిడి, తేలిక కూడా తోడవుతాయి కాబట్టి ఆ ఫలం తగ్గదని నా అభిప్రాయం.

ఇంద్రద్యుమ్నంలో జరిగిన వాటిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది శేషశయన లీల. పరివారంలోని అద్వైతాచార్యులు నీటిమీద వెల్లకిలా తేలారు, మహాప్రభువు ఆయన మీద పవళించారు. పాలకడలిలో శేషతల్పం మీద విష్ణువు పవళించిన దృశ్యాన్ని ఇద్దరూ అభినయించారు. అద్వైతాచార్యులు అప్పటికే ముదుసలి. ఈత తెలిసినవారికి ఇది ఎంత కష్టమో అర్థమవుతుంది. నిండా గాలి పీల్చిన ఛాతీకీ, పూర్తిగా విడిచిన ఛాతీకీ తేడా మూడు నాలుగు లీటర్లుంటుంది. అంటే నీరు మనల్ని పైకెత్తే బలంలో మూడు నాలుగు కిలోల తేడా. వెల్లకిలా తేలుతూ పాడిచూడండి, పాదం సాగే కొద్దీ దేహం కొంచెం కొంచెం కిందికి దిగుతుంది, పీల్చగానే పైకి వస్తుంది. పాదం మరీ పొడుగైతే నీళ్లు నోట్లోకి వస్తాయి. అందువల్ల నీళ్లలో పాడుకోవడానికి పొట్టి పాదాలే కావాలి, గొప్ప రాగాలాపనలు పనికిరావు. గౌడీయులు జపించే మహామంత్రం 16 నామాలు, 32 అక్షరాలు. అలాంటి కురచ నామాలు ఈ ఊపిరికి చక్కగా ఇముడుతాయి.

ఈ కేళిలో జంటల జలయుద్ధం కూడా ఉంది. అద్వైతాచార్యులకు నిత్యానందుడు, శ్రీవాసుడికి గదాధరుడు, మురారి గుప్తుడికి వాసుదేవ దత్తుడు ఎదురు నిలిచారు. వాళ్లందరికంటే మన తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన జంట సార్వభౌమ భట్టాచార్యులు, రామానంద రాయలు. సార్వభౌములు పూరీలో వేదాంతం చెప్పిన దిగ్దంతి. రామానంద రాయలు ప్రతాపరుద్ర గజపతి కింద రాజమహేంద్రవర ప్రాంతాన్ని పాలించినవారు. 1510లో మహాప్రభువు దక్షిణయాత్రకు వస్తూ గోదావరి దాటి స్నానం చేసి ఒడ్డున కూర్చున్నప్పుడు, రాయలు పల్లకీలో, మేళతాళాలతో అక్కడికే స్నానానికి వచ్చారు. భక్తిని మెట్టుమెట్టుగా విప్పుతూ వాళ్లిద్దరి మధ్య సాగిన సంభాషణ గౌడీయ సిద్ధాంతానికి గుండెకాయ. దాని గుర్తుగానే కొవ్వూరులో రామానంద గౌడీయ మఠం వెలిసింది.

అలాంటి రాయలు, అలాంటి సార్వభౌములు ఇంద్రద్యుమ్నంలో ఒకరిమీద ఒకరు నీళ్లు చిమ్ముకుంటూ పసిపిల్లలైపోయారు. మహాప్రభువు నవ్వి, సార్వభౌముల బావమరిది వరసైన గోపీనాథాచార్యులను పిలిచి, ఇద్దరూ గంభీరులైన పండితులు, ఈ పిల్లచేష్టలు మానుకోమని చెప్పమన్నారు. మీ దయాసముద్రంలో ఒక్క బిందువు మేరు మందర పర్వతాలనే ముంచేస్తుంది, వీళ్లిద్దరూ ఎంత అని అర్థం వచ్చేలా గోపీనాథులు బదులిచ్చారు. ఈ పద్ధతి విలువ నాకు అక్కడ తెలుస్తుంది. అధికారీ పండితుడూ బిడియం లేకుండా ఆడుకోగలిగారంటే వాళ్ల లోపల దాచుకోవాల్సిన భయమేదీ మిగల్లేదన్నమాట. లోపలి ప్రశాంతతకు అంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు.

పూరీలో నీటికీ పాటకూ ఉన్న ఈ బంధం నరేంద్ర సరోవరం దగ్గర ఇప్పటికీ కనబడుతుంది. అక్షయ తృతీయ నాడు మొదలయ్యే చందనయాత్ర 42 రోజుల పండగ. మొదటి 21 రోజులూ మదనమోహనుడు మొదలైన ఉత్సవమూర్తులు, పంచపాండవులని పిలిచే ఐదు శివమూర్తులు నంద, భద్ర అనే పడవల్లో, పాటల మధ్య ఆ కొలనులో విహరిస్తారు. బెంగాల్ నుంచి అద్వైతాచార్యులతో వచ్చిన భక్తులను మహాప్రభువు కలుసుకుని, అందరూ కలిసి నీళ్లలోకి దూకింది ఈ పండగ నాడే, ఈ కొలనులోనే.

మన తెప్పోత్సవాల్లో దేవుడు నీళ్లమీద, మనం మెట్లమీద. తిరుమల బ్రహ్మోత్సవాల చివరి రోజు చక్రస్నానంలో మాత్రం ఆ దూరం చెరిగిపోతుంది. సుదర్శన చక్రం పుష్కరిణిలో మునిగిన క్షణాన వేలమంది గోవింద నామంతో ఒక్కసారే మునుగుతారు. ఆ ఒక్క మునకతో ఆగిపోవడం వల్ల దాని తర్వాత రావలసిన ఆట, పాట మనకు దక్కలేదనిపిస్తుంది. ఈత నేర్చిన పదిమంది, కాపలాకు ఒడ్డున ఇద్దరు ఉంటే ఏ ఈతకొలనులోనైనా దీన్ని సాధన చెయ్యొచ్చు. ఛాతీ లోతులో, కాళ్లు నేలకానే చోట మండలం కట్టాలి. దొప్పచేత్తో తాళం కుదిరాక ఒకరు నామం ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. గొంతు స్థిరపడ్డాకే నిలువీతకు వెళ్లాలి. పాడుతూ మునుగీత వెయ్యకూడదు, ఊపిరి బిగబట్టే పందాలు అసలే వద్దు.

తోడు ఎందుకు తప్పనిసరో చరితామృతంలోనే మరోచోట తెలుస్తుంది. చివరి రోజుల్లో ఒక వెన్నెల రాత్రి మహాప్రభువు సముద్రాన్ని యమున అనుకుని, ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా దూకేశారు. అలలు ఆయన్ని కోణార్క వైపు తీసుకుపోయాయి. ఒక జాలరి వలలో పడ్డారు. స్వరూప దామోదరుడు, మిగిలిన పరివారం వెతుక్కుంటూ వచ్చి, తడిబట్టలు మార్చి, ఒంటికంటిన ఇసుక తుడిచి, చెవి దగ్గర అందరూ కలిసి గట్టిగా నామం పాడితే గాని ఆయనకు తెలివి రాలేదు. కళ్లు తెరిచి తాను చూసింది చెప్పారు. గోపికలతో కృష్ణుడు యమునలో జలకేళి ఆడుతున్నాడట, తాను ఒడ్డున సఖులతో కలిసి నిలబడి చూస్తున్నారట.