నూలు చీర ఎవరింట్లో ఉంది?

సూరత్‌లో మా లింబాయత్ వైపు శ్రీమంతం అంటే ఈ మధ్య ఆటలు లేకుండా జరగడం లేదు. పసుపు కుంకుమలు, గాజులు, ఒడి నింపడం అయ్యాక ఎవరో ఒకరు మైకు పట్టుకుని నిలబడాలి. చాలా ఇళ్లల్లో ఆ ఎవరో ఒకరు నేనే. కళ్లకు గంతలు కట్టి బొమ్మకు డైపర్ తొడిగించే ఆట, కడుపు ఎన్ని మూరలుందో చెప్పే ఆట, ఫోన్లో చూసినవన్నీ అడుగుతారు. కాదనను, ఆడిస్తాను. నాకు ఇష్టమైనది మాత్రం వెతుకులాట. పిల్లలు దీన్ని ట్రెజర్ హంట్ అనేస్తారు గానీ అందులో ఎవరో ఒకరు ఏదో ఒకటి దాచాలి. ఇందులో ఏదీ దాచం. జట్టుకో చిట్టీ ఇస్తాం. అందులో రాసినవి అరగంటలో ఎక్కడినుంచైనా సరే పట్టుకురావాలి.

దీన్ని పెద్దింటి విందుల్లో సరదాగా మార్చింది ఎల్సా మాక్స్‌వెల్ అనే అమెరికా ఆవిడ. 1920లు, 30లలో ప్యారిస్‌లో, న్యూయార్క్‌లో డబ్బున్నవాళ్లు ఆవిడ ఇచ్చిన జాబితాలు పట్టుకుని వీధుల్లో పడ్డారు. 1936లో వచ్చిన ‘మై మ్యాన్ గాడ్‌ఫ్రీ’ సినిమా ఇలాంటి ఆటతోనే మొదలవుతుంది. ఆ జాబితాలో ఒక దిక్కులేని మనిషి కూడా ఉంటాడు. చెత్తకుప్ప దగ్గర బతుకుతున్నవాణ్ణి ఒకమ్మాయి హోటలుకు తీసుకొచ్చి చూపించి గెలుస్తుంది. జాబితా రాసేటప్పుడు ఆ సినిమా నాకు గుర్తొస్తూనే ఉంటుంది. ఏం తెమ్మని అడుగుతున్నామో చూస్తే అడిగినవాళ్లెవరో తెలిసిపోతుంది.

సీసా, పాలపీక, చిన్న సాక్సులు, గిలక్కాయ అని బేబీ షవర్ జాబితాలు దొరుకుతాయి. అవి మన ఇళ్లల్లో నడవవు. బిడ్డ పుట్టకముందే బట్టా బొమ్మా కొనడం మన పెద్దవాళ్లకు గిట్టదు. ఆ భయాన్ని నేను నమ్మను. అలాగని నిండు నెలల మనిషి ముందు దానిమీద వాదన పెట్టుకోను. అందుకే నా జాబితాలో కొత్త వస్తువు ఒక్కటీ ఉండదు. అన్నీ ఎవరో వాడినవి, ఎవరింట్లోనో పడి ఉన్నవి, అడిగితే తప్ప బయటికి రానివి.

ఇక్కడి మనుషుల సంగతి కూడా చూసుకోవాలి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు మా దగ్గర ఎక్కువ. పక్కింట్లో మరాఠీవాళ్లు, ఎదురింట్లో ఒడియావాళ్లు. సూరత్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిషులతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతుంది. అయినా మా వీధి పిల్లల్లో చాలామందికి తెలుగు మాటలే వచ్చు, అక్షరాలు రావు. తెలుగు చదవగలిగే పెద్దవాళ్లేమో ఇక్కడి నిటారు మెట్లు ఎక్కలేరు. ఆట మొత్తం ఈ రెంటి మీదే కట్టాను. చిట్టీ తెలుగులో, చేతిరాతతో ఉంటుంది. జట్టులో ఒక అవ్వ, ఇద్దరు పిల్లలు తప్పనిసరి. అవ్వ కుర్చీ దిగకుండా చదివి విప్పి చెప్పాలి, పిల్లలు ఉరకాలి. తల్లిగారి వైపు వాళ్లనూ అత్తగారి వైపు వాళ్లనూ కలిపే జట్లు కడతాను. లేదంటే ఆట కాస్తా పెళ్లినాటి లెక్కల్లోకి దిగుతుంది.

మొదటిసారి విన్న అవ్వలు నొసలు ముడుస్తారు. “గిదేం ఆటనే బిడ్డా, శ్రీమంతానికొచ్చి ఇల్లిల్లు తిరుగుడు?” అని ఒకావిడ గట్టిగానే అడిగింది. చిట్టీ చేతిలో పెట్టాక ఆవిడే పిల్లల్ని తరిమింది.

చిట్టీలో వస్తువు పేరు సూటిగా రాయను, పొడుపుకథ అల్లుతాను. ‘ఒళ్లంతా నూలే, ఒంటిమీద గుడ్డ లేదు’ అంటే కండె. నేతపని చేసిన ఇంట్లో పాత చెక్క కండె ఒకటైనా అటక మీద ఉంటుంది. ‘పళ్లు లేనివాడికి చుట్టం, పళ్లొచ్చాక అటకెక్కేది’ అంటే ఉగ్గుగిన్నె. ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దని డాక్టర్లు చెబుతారు కాబట్టి దొరికిన గిన్నె అప్పటిదాకా ఆగాల్సిందే. అందరూ ఎగబడేది సకినం కోసం. ఊరినుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన సకినం కావాలి, ఒక్క చుట్టూ విరగకూడదు. వరంగల్‌లో ఎక్కి సూరత్‌లో దిగేసరికి డబ్బాలో సగం పొడి అయిపోతుంది. ఆ పొడి చుట్టూ పిల్లలు చేరి సందుసందుకూ వెతికే తీరు చూడాలి. చిట్టీలో ఒక పాట కూడా పెడతాను. సొంతూరి పేరు కలిపి జోలపాట పాడే మనిషిని వెంటబెట్టుకు రావాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, పాత నూలు చీర ఒక ఎత్తు. పుట్టిన బిడ్డను చుట్టడానికి పొత్తిళ్లు కావాలి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు గుడ్డ అయితే తడి పీలుస్తుంది, ఒంటికి గరుకు తగలదు. సూరత్‌లోని చిత్రం ఇక్కడే ఉంది. రింగ్‌రోడ్డు మార్కెట్ల నుంచి దేశమంతటికీ చీరలు పోతాయి. మా ఆడవాళ్లలో చాలామంది ఇంట్లోనే కూర్చుని ఎంబ్రాయిడరీ చీరల వెనక దారాలు కత్తిరిస్తారు, రాళ్లు అంటిస్తారు. గుమ్మం దాటాలంటే చీరల మూటలు దాటాలి. అవన్నీ పాలిస్టరే. ఊరి బంధువులు కరీంనగర్‌లో కొని మాకు పెట్టే చీర కూడా చాలాసార్లు ఇక్కడినుంచి పోయి తిరిగొచ్చినదే. బిడ్డకు చుట్టేందుకు ఒక్క మెత్తటి నూలు చీర కావాలంటే వాడంతా గాలించాలి. దొరికితే అది ఏ అవ్వ ట్రంకు పెట్టెలోనో అడుగున ఉంటుంది. దానికోసం ముక్కూ మొహం తెలియని గుమ్మాలు తట్టాల్సి వస్తుంది. ఒడియావాళ్ల ఇంట్లో దొరికిన సందర్భాలూ ఉన్నాయి. అలా చీర ఇచ్చిన ఆమెను వట్టి చేతులతో పంపరు, కూర్చోబెట్టి భోజనం పెడతారు. నాకు ఈ ఆట ఇష్టం కావడానికి సగం కారణం అదే.

గర్భిణి పరుగెత్తదు కాబట్టి న్యాయమూర్తి ఆమే. పీట మీద కూర్చుని తెచ్చిన ప్రతిదాన్నీ పట్టి చూసి మార్కు వేస్తుంది. మామూలుగా శ్రీమంతంలో ఆ పిల్ల బొమ్మలా కూర్చోవాలి, వచ్చినవాళ్లంతా అక్షింతలు వేసి పోవాలి. ఇందులో అందరూ ఆమె నోటివైపు చూస్తారు. మరాఠీవాళ్ల శ్రీమంతం, అంటే డోహాళ జేవణంలో రెండు గిన్నెలు మూసిపెట్టి ఒకటి తెరిపిస్తారు. బర్ఫీ వస్తే ఆడపిల్ల, పేడా వస్తే మగపిల్లవాడు అని నవ్వుకుంటారు. పక్కింటివాళ్ల నుంచి అది మా ఇళ్లల్లోకీ వచ్చింది. దాన్ని మాత్రం నేను ఆడించను. కడుపులో ఉన్నది ఎవరో చెప్పడాన్ని 1994లో చట్టం చేసి మరీ ఆపాల్సి వచ్చిన దేశం మనది. పేడా గిన్నె తెరుచుకోగానే అత్తగారి మొహం వెలగడం, బర్ఫీ అయితే ఒక్క క్షణం ఆగి నవ్వడం చూశాక ఇక సరదా ఎక్కడిది?

మా వాడలో జరిగిన ఒక శ్రీమంతంలో నూలు చీర దగ్గర తగాదా వచ్చింది. ఒక జట్టు బాదంరంగు చీర తెచ్చింది. చేత్తో తడిమితే మెత్తగానే ఉంది. ఎదుటి జట్టు అది నూలు కాదంది. పిల్ల తాత బతుకంతా సాంచాలు నడిపినవాడు. చీర తీసుకుని వరండాలోకి పోయాడు. చెంగు దగ్గర నిలువునా ఒక పోగు లాగాడు, అడ్డంగా ఇంకోటి లాగాడు. అగ్గిపుల్ల గీశాడు. నిలువు పోగు గబుక్కున అంటుకుని కాగితం కాలిన వాసన వేసింది. వేళ్ల మధ్య నలిపితే బూడిద. అడ్డపోగు మంటకు ముడుచుకుని, నల్లటి పొగ వదిలి, కొసన ఆవగింజంత గట్టి పూస కట్టింది. తాత ఆ పూసను మనవరాలి అరచేతిలో పెట్టాడు.

“పడుగు నూలే. పేక పాలిస్టర్.”

పిల్ల కాసేపు ఆలోచించి సగం మార్కు వేసింది. చీర తెచ్చిన మేనత్త ఒప్పుకోలేదు. నూలని చెప్పి అమ్మిన దుకాణంవాణ్ణి తిట్టింది, తాత కళ్లజోడును తప్పుబట్టింది, చివరికి ఆ అగ్గిపుల్లే మంచిది కాదంది. ఆట అయ్యాక నా అసలు పని మొదలైంది. వెండి ఉగ్గుగిన్నె మారిపోతే చుట్టరికాలు పోతాయి కాబట్టి ప్రతి వస్తువుకూ ముందే పేరు రాసిన చీటీ కట్టిస్తాను. పొద్దుగూకేలోపు ఎవరిది వాళ్లకు చేర్పించాలి. గిన్నెలు పోయాయి, కండెలు పోయాయి. ఆ మేనత్త మాత్రం చీర వెనక్కి తీసుకోకుండా, మిగతా సగం మార్కు ఇస్తేనే ఇంటికి పోతానని భోజనాల పంక్తిలో కూర్చుంది.